కుడిచేతి చెంచా

నేను యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీ వర్క్‌షాపుల టర్నర్‌గ పనిచేసిన. అంటే లేత్ మిషన్ మీద ఇనుపకడ్డీని తిప్పుకుంట చెక్కేటోన్ని. ముప్పై ఒక్క ఏండ్లు గదే పని. రిటైరై మూడేండ్లయింది. తార్నాకల మా ఇంటికి ఐటీఐ పిల్లలు అప్పుడప్పుడు వస్తుంటరు, "అంకుల్, మీ అనుభవాలు చెప్పండి" అనుకుంట. నేనేదో గొప్ప పనులు చెప్తనని వాళ్ల ఆశ. నాకేమో చెడగొట్టిన పనులే ఎక్కువ యాదికున్నయి. అండ్ల ఒకటి చెప్త, ఇనుండ్రి. గా పనిల ఇనుము పాడుగాలే, కొలత తప్పలే, డ్రాయింగుల ఉన్నది ఉన్నట్టు చేసిన. అయినా నా నౌకరి మొత్తంల గంత పెద్ద తప్పు ఇంకొకటి చెయ్యలే.

మా వర్క్‌షాపు ఊడ్చుటానికి ఒకామె ఉండె, కాంట్రాక్టు మీద. జనగామ దిక్కు పల్లె ఆమెది, పెండ్లయి లాలాగూడకు వచ్చింది. సన్నగ ఉంటది గని నోరు మాత్రం గట్టిది. నా మిషన్ కింద పడ్డ ఇనుప రజను చూసి, "అన్నా, నువ్వు పని చేస్తున్నవా, చెత్త చేస్తున్నవా?" అని రోజుకొకసారన్న అంటేనే ఆమెకు తెల్లారేది. మధ్యాహ్నం ఒంటిగంట కొట్టంగనే చీపురు గోడకు ఒరగబెట్టి ఉరికేది. రెండు కొట్టేలోపల మళ్ల వచ్చి పనిల ఉండేది. ఇంటికి పోయొస్తదేమో అనుకున్నం. అడగలే. ఊడ్చేటామె ఏడికి పోతదో అడిగేంత తీరిక మాకెవ్వరికి ఉండె?

ఒక ఎండాకాలం, ఏప్రిల్ నెలల, ఆమె నా మిషన్ కాడికి వచ్చి నిలబడ్డది. చెత్త గురించి ఏమనలే. గా రోజే నాకు జర అనుమానం వచ్చింది.

"అన్నా, గిసొంటిది చేస్తవా?" అని ఫోన్ చూపించింది. ఫోన్ల ఒక చెంచా ఫొటో. లావు పిడి, మెడకాడ వంపు. బయటి దేశాల తయారైతదట. ఆమె నెల జీతంల సగం దానికే పోతది.

"ఎవరికి చెల్లె?"

అప్పుడు చెప్పింది. ఆమెకు ఒక్కతే బిడ్డ, పదహారేండ్లు. కాన్పుల గాలి అందక చేతులు కాళ్లు సరిగ్గ స్వాధీనంల లేవు. నడుస్తది గని మెల్లగ. కుడి చెయ్యి మోచేతికాడ ముడుసుకొని ఉంటది, వేళ్లు పిడికిలి పట్టుకపోయి ఉంటయి. ఎడమ చెయ్యి తెరుచుకుంటది గని వణుకుతది. పిల్ల చదువుల మాత్రం చురుకు. పదో తరగతి పరీక్షలు మంచిగ రాసింది. నల్లకుంటల ఆడపిల్లల జూనియర్ కాలేజీల సీటు ఖాయమని బడి సార్లు చెప్పిండ్రట.

"మరింకేంది, సంబురమే గదా," అన్న.

"సంబురమే అన్నా. కని మధ్యాహ్నం అన్నం ఎవరు పెడ్తరు?"

గిన్నేండ్లు ఒంటిగంటకు ఆమె ఉరికింది గందుకే. లాలాగూడల బడి కాబట్టి ఉరికి, బిడ్డకు ముద్దలు పెట్టి, మళ్ల ఉరికొచ్చేది. పదో తరగతి పిల్ల పదిమంది ముంగట అమ్మ చేతి ముద్ద తినలేక నీళ్ల ట్యాంకు వెనక కూసునేదట. ఇప్పుడు నల్లకుంట. గంటల పోయి వచ్చుడు ఆమెతోని కాదు. ఇంకెవరి చేతన్న తినమంటే పిల్ల సచ్చినా ఒప్పుకోదు. పొద్దున తిని పోయి, సాయంత్రం దాంక పస్తుంట అంటది. ఒక రోజు ఉంటది, రెండ్రోజులుంటది, మూడో రోజు బస్సుల కండ్లు తిరిగి పడితే? వాళ్ల నాయినేమో, "తన చేత్తోని తినొస్తేనే కాలేజీ, లేకుంటే ఇంట్ల ఉండి చదువుకోని" అని తేల్చి చెప్పిండు. జూన్ల కాలేజీ తెరుస్తరు. అంతదాంకనే టైము.

నేనేమన్ననో తెల్సా? "చెంచానే గదా చెల్లె! రాకెట్ అడిగినట్టు అడుగుతున్నవ్. వారంల చేతుల పెడ్త."

గా నోటి దురుసుకు నాకు నేనే ఇప్పుడు సిగ్గుపడ్త.

మా వర్క్‌షాపుల ఒక రివాజు ఉండె. డ్రాయింగ్ లేంది లేత్ తిరగదు. ఇన్‌ఛార్జ్ సార్‌కు చెప్పిన. కుర్ర సారు, మంచోడు, డ్రాయింగ్ లేకుంట చాయ్ తాగుమన్నా తాగడు. ఇనంగనే ఆయన మొహం వెలిగింది. "శనివారం అమ్మాయిని తీసుకురమ్మనండి. చేతి కొలతలు తీసుకుందాం," అన్నడు. కార్పెంటరీ సెక్షన్ల ముషీరాబాద్ నుంచి వచ్చే పెద్దాయన ఉండె, అందరం చాచా అంటుంటిమి. ఆయన్ని సుత కలుపుకున్నం. ముగ్గురి అనుభవం కలిపితే డెబ్బై ఏండ్ల పైన. ఇంక మాకు అడ్డేంది?

శనివారం పిల్ల వచ్చింది. రెండు జడలు, పచ్చ డ్రెస్సు, అమ్మ లెక్కనే సన్నగ. వర్క్‌షాపుకు బయటోళ్లు వస్తే రిజిస్టర్ల సంతకం పెట్టాలె. సారు పెన్ను ఇచ్చిండు. పిల్ల ఎడమ చేతుల పట్టుకొని, ఆగుకుంట ఆగుకుంట, పెద్ద పెద్ద అక్షరాలతోని పేరు రాసింది. వంకరగ ఉన్నా చక్కగ చదవొస్తుంది. "వెరీ గుడ్, వెరీ గుడ్," అన్నడు సారు. నేను సుత శభాష్ అన్న. చాచా తలకాయ ఊపిండు.

తర్వాత ముగ్గురం కలిసి ఆ పిల్ల కుడి పిడికిలి మెల్లగ తెరిచి, మైనం ముద్ద పెట్టి, కొలత తీసుకున్నం.

మీకు ఇప్పటికే అర్థమై ఉంటది. మాకు ఆరు వారాలు పట్టింది.

డ్రాయింగు తయారైంది. కింద మూలకు ఇంగ్లీషుల 'స్పెషల్ స్పూన్, రైట్ హ్యాండ్' అని రాసి, సారు సంతకం పెట్టిండు. అన్నం తినుడు కుడి చేత్తోని గాక ఇంక దేంతోని? గా మాట ఎవ్వరం అనలే, అనే అవసరమే రాలే. ఇంటికి పైన కప్పు ఉన్నదా అని ఎవరన్న అడుగుతరా?

మొదటి చెంచా స్టీలు కడ్డీతోని చేసిన. అద్దం లెక్క మెరుస్తుండె. పిల్ల పిడికిల్ల పెడితే సబ్బు ముక్క లెక్క జారి కింద పడ్డది. రెండోదానికి చాచా టేకుతోని పిడి చేసిండు, జారకుంట తోలు పట్టి కుట్టిండు. చేతుల నిలిచింది గని మణికట్టు తిరగక అన్నమంత ఒళ్ల పడ్డది. నడుమ సార్ స్టూడెంట్లు కొత్త త్రీడీ ప్రింటర్ మిషన్ మీద ప్లాస్టిక్ చెంచా ఒకటి తీసి తెచ్చిండ్రు. వేడి పప్పుల పెట్టంగనే అది వంగి మాకు దండం పెట్టింది. మూడోది నేను పంతం పట్టి చేసిన. బరువైన చెంచా, లావు పిడి, మెడ లెక్క ప్రకారం వంపు. సారు డ్రాయింగును మూడుసార్లు మార్చిండు. మారనిది కిందున్న 'రైట్ హ్యాండ్' అనే రెండు మాటలే.

మే నెల ఆఖరి శనివారం మూడో చెంచా పరీక్ష. వాళ్లమ్మ పప్పన్నం కలుపుకొని వచ్చింది. బెంచీ మీద న్యూస్‌పేపర్ పరిచి పళ్లెం పెట్టినం. పిల్ల పిడికిల్ల చెంచా బిగించిన. ముంచింది. లేపింది. నోటికి బెత్తెడు దూరంల చెయ్యి ఆగింది. మోచెయ్యి ఇంక లేవలే. మెడ ముందుకు వంచింది, చెంచా పక్కకు తిరిగింది, అన్నం పేపర్ మీద పడ్డది. మళ్ల. మళ్ల. ఐదోసారికి పిల్ల చెంచా పళ్లెంల వదిలేసి తల దించుకుంది.

నాకు కోపమొచ్చింది. ఎవరి మీద? నా మీద రావాలె. గని వచ్చింది మాత్రం ఆ పిల్ల మీద.

"ఏంది బిడ్డా, జర జోరు చెయ్యాలె గదా! మేమింత కష్టపడి చేస్తుంటే నువ్వు పట్టించుకోవా? కాలేజీ కావాల్నా వద్దా?"

గా మాట అన్న. పదహారేండ్ల పిల్లను, ఆరు వారాల సంది ప్రతి శనివారం వచ్చి, నొప్పి పెడ్తున్నా ఒక్కసారి అబ్బా అనకుంట చెయ్యి మా చేతులల్ల పెట్టిన పిల్లను, గా మాట అన్న. తలుసుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతది.

పిల్ల ఏడుస్తదనుకున్న. ఏడవలే. నా దిక్కు చూసింది. తర్వాత వాళ్లమ్మ దిక్కు చూసింది, చాలాసేపు. మెల్లగ ఎడమ చెయ్యి చాపి, పళ్లెంలకెల్లి చెంచా తీసుకుంది. చెయ్యి వణుకుతనే ఉన్నది. అన్నం ముంచి, నోటికాడికి తెచ్చి, తిన్నది. సగం మెతుకులు రాలినయి, సగం లోపలికి పోయినయి.



వాళ్లమ్మ గబుక్కున ముందుకొచ్చి చెయ్యి పట్టుకుంది. "ఎడమ చేత్తోనా? బిడ్డా! అందరి ముంగటనా?"

"మరి నాకు కుడి చెయ్యి ఏడున్నది అమ్మా?" అన్నది పిల్ల. గొంతు పెద్దగ చెయ్యలే. ఎన్ని దినాల సంది లోపల పెట్టుకున్నదో మరి, ఆ మాట అట్ల బయటికొచ్చింది.

వాళ్లమ్మ చెయ్యి వదిలేసింది, కుర్చీల కూలబడి ఏడ్చింది. "చిన్నప్పుడు తినేదన్నా ఎడమ చేత్తోని. చర్చిల విందునాడు ఒకామె ఛీ అన్నది. మెతుకు నోట్ల ఉండంగనే బిడ్డ ముంగటి పళ్లెం పక్కకు జరిపింది. అసలే అందరు నా బిడ్డను తిరిగి తిరిగి చూస్తరు. ఇదొకటి సుత ఎందుకని, గా నాటి సంది నేనే కలిపి పెడుతున్న. ఇంకొకటి చూడొద్దని గదా అన్నా!"

ఆమె మీద నాకు మస్తు జాలైంది. తప్పు ఆమెదని ఎట్లంటం? చదువుకున్న సారు, టేకు చెక్కే చాచా, లేత్ తిప్పే నేను, ముగ్గురం ఆ పిల్ల ఎడమ చేత్తోని పేరు రాస్తుంటే శభాష్ అన్నం. రాయుటానికి పనికొచ్చిన చెయ్యి తినుటానికి పనికొస్తదని ఒక్కని బుర్రకు సుత తట్టలే. సారు దిక్కు చూస్తే, ఆయన చేతుల డ్రాయింగు ఉన్నది. మెల్లగ మడిచి జేబుల పెట్టుకున్నడు.

చాచా ఏమంటడో అనుకున్న. ఎందుకంటే మా అందరిల కుడి చెయ్యి పట్టింపు ఎక్కువ ఆయనకే. నీళ్ల గ్లాసు ఎడమ చేత్తోని ఇస్తే తీసుకునేటోడు కాదు. ఆయన లేచి, పేపర్ మీద పడ్డ మెతుకులు ఒక పక్కకు జరిపి, పళ్లెం ఎడమ దిక్కుకు నూకిండు.

"బేటీ, పైనోడు ఏ చెయ్యి ఇచ్చిండో గా చేత్తోనే తినాలె. ఛీ అన్నామె చెయ్యి గాదు గదా ఇది? తిను. చల్లారితే పప్పు బాగుండదు," అన్నడు.

పిల్ల తిన్నది. పావుగంటకు పళ్లెం సగమైంది. వాళ్లమ్మ ఏడుసుకుంటనే చూసింది. నేను ఆ పిల్లకు మాఫ్ చెయ్యమని చెప్పిన. "పర్లేదు అంకుల్, మీ చెంచా బరువు మంచిగున్నది. చెయ్యి జర తక్కువ వణుకుతుంది. వంపు మాత్రం ఉల్టా ఉన్నది," అన్నది. ఆరు వారాలల్ల ఆ చెంచా గురించి ఆమెను అడిగితే గదా, ఆమె చెప్పేది!

గా మధ్యాహ్నమే చెంచాను బిగించి మెడ ఎడమ చేతికి కుదిరేటట్టు వంచిన. పది నిమిషాల పని.

అయితే ఒక్క చెంచాతోని కత ఒడవలే. డబ్బా మూత తీసుడెట్ల? పళ్లెం జారితే ఎట్ల? నీళ్లు తాగుడెట్ల? సారు మళ్ల కాయితం తీయబోయిండు. "సార్, ఈసారి డ్రాయింగ్ వద్దు. పిల్లనే దుకాణానికి తోల్కపోదాం," అన్న. తార్నాకల ఒక స్టీలు సామాన్ల దుకాణానికి పోయినం, పిల్ల, వాళ్లమ్మ, నేను.

గా దుకాణపాయన మమ్మల్ని ఇంకా మరిచి ఉండడు. పిల్ల ఒక్కొక్క డబ్బా తీసుకొని, ముడుసుకున్న కుడి చెయ్యిని బరువు లెక్క పైన ఆనించి, ఎడమ చేత్తోని మూత తీసి చూస్తది. గట్టిగ పట్టే మూత ఉన్న డబ్బాలన్ని పక్కకు. ఏటవాలు అంచులున్నయి పక్కకు. "డబ్బా కొనుటానికొచ్చిండ్రా, పెండ్లిచూపులకొచ్చిండ్రా?" అన్నడాయన. "చూపులే అన్నా. నచ్చకుంటే చెప్పాలె గదా," అన్నది పిల్ల. వాళ్లమ్మ నోరు ఎవరికొచ్చిందో గప్పుడు తెలిసింది నాకు.

ఆఖరికి ఒకటి దొరికింది. వెడల్పు డబ్బా, నిటారు గోడలు, పక్కకు క్లిప్పులు. క్లిప్పును బొటనవేలుతోని తోస్తే మూత లేస్తది. అన్నాన్ని గోడకు ఆనించి నూకితే దానంతట అదే చెంచాలకెక్కుతది. అలమర్లల్ల పరిచే రబ్బరు జాలి ఒక మూర కోయించి, డబ్బా కింద ఏసి చూస్తే ఇంచు జరగలే. నీళ్లకు నేను పసిపిల్లల సిప్పర్ తీసి చూపించిన. పిల్ల నన్ను చూసిన చూపుకు మళ్ల ఆడనే పెట్టిన. "ఇదేంది అంకుల్, నాకు బాల్వాడీల సీటొచ్చిందా?" జిమ్ముకు పోయే పోరగాళ్లు పట్టుకునే నల్ల బాటిల్, మీట నొక్కితే గొట్టం లేసేది, దాన్ని తీసుకుంది. అన్నీ కలిపినా ఫోన్ల చూసిన ఆ ఒక్క చెంచా ధరల పావు వంతు కాలే. అన్నీ అందరి ఇండ్లల్ల ఉండే సామానే. దవాఖాన వాసన ఒక్కదానికి లేదు. ఆ పిల్లకు గదే ముఖ్యం, మాకేమో గప్పటిదాంక ఆ సంగతే తెల్వదు.

ఐటీఐ పిల్లలూ, మీకు చెప్పేది ఒక్కటే. మైనం ముద్ద తర్వాత. మొదలు మనిషిని అడుగుండ్రి. మైక్రోమీటరు కొలిచేది చెయ్యి ఎంతున్నదో మాత్రమే, ఏ చెయ్యో అది చెప్పదు. గంతే. పెద్ద ఉపన్యాసం నాకు రాదు.

జూన్ల కాలేజీ తెరిచిండ్రు. వాళ్ల నాయిన ముంగట పిల్ల వారం రోజులు తన చేత్తోని తిని చూపించింది. ఆయన బస్ పాస్ తెచ్చి చేతుల పెట్టిండట. మొదటి రోజు పొద్దున వాళ్లమ్మ తోల్కపోయి కాలేజీల దింపొచ్చి, మా దగ్గర పనికొచ్చింది. గా రోజు నా రజను గురించి ఒక్క మాటనలే. ఊడ్చిన జాగనే మళ్ల ఊడ్చింది.

ఒంటిగంట కొట్టింది. అలవాటున చీపురు గోడకు ఒరగబెట్టింది. తలుపుదాంక ఉరికింది. ఆడ ఆగిపోయింది. ఏడికి పోవాలె? మెల్లగ తిరిగొచ్చి మేము డబ్బాలు తెరిచిన బెంచీ కాడ నిలబడ్డది. "ఇప్పుడు తింటున్నదో ఏమో. ఎవరన్న ఏమన్న అన్నరో ఏమో," అన్నది. సారు కుర్చీ జరిపిండు. కూసున్నది గని చూపంత చేతిలున్న ఫోన్ మీదనే. మేము సుత నమిలే ముద్ద మింగకుంట కూసున్నం.

ఒంటిగంటన్నరకు ఫోన్ మోగింది. కాలేజీల పనిచేసే ఆయమ్మ నంబర్. స్పీకర్ పెట్టింది.

"అమ్మా, తిన్న. డబ్బా ఖాళీ."

"ఎవరన్న ఏమన్న అన్నరా బిడ్డా?"

"ఒకామె అడిగింది, ఎడమ చేత్తోని తింటవేంది అని. నాది గదే మంచి చెయ్యి అన్న. సరే అని, నా డబ్బాల బెండకాయ సగం ఆమెనే తిన్నది. అమ్మా, నువ్వు తిన్నవా?"

వాళ్లమ్మ బెంచీ దిక్కు చూసింది. ఆమె ముంగట బెంచీ మీద ఏం లేదు. డబ్బా తెచ్చుకోలేదా అని చాచా సైగతోని అడిగిండు. లేదని తల ఊపింది. ఒక్క ఆ రోజు గాదు, పదేండ్ల సంది ఆమె మధ్యాహ్నానికి డబ్బా తెచ్చుకునుడే లేదు. ఉరికి పోయి పెట్టొచ్చేసరికే గంట అయిపోయేది. ఒకటే కప్పు కింద గిన్నేండ్లు పనిచేసినం. మాకు తెల్వదు.

"అమ్మా, ఇనబడ్తుందా? తిన్నవా?"

చాచా తన డబ్బా ఆమె ముంగటికి జరిపిండు. నేను నా మామిడికాయ పప్పు అండ్ల వంచిన. ఆమె కొంగుతోని కండ్లు తుడుసుకొని, గబగబ ఒక ముద్ద కలిపి నోట్ల పెట్టుకుంది. బిడ్డకు అబద్ధం చెప్పొద్దు గదా. ముద్ద నోట్ల పెట్టుకున్నంకనే చెప్పింది.

"తింటున్న బిడ్డా."